అన్నం మానేస్తే నిజంగానే బరువు త్వరగా తగ్గుతుందా? మూడు వారాలుగా మా ఇంట్లో ఇదే గొడవ

బెల్లం_గవ్వలు
మాది కాకినాడ. మా ఆయనకి 41, నాకు 37. జూన్ మొదటి వారంలో ఇద్దరం ఒకే రోజు కాటా ఎక్కాం. ఆయన 92, నేను 76. శ్రావణంలో మా ఆడపడుచు పెళ్లి ఉంది, ఆలోపు ఇద్దరం తగ్గాలని పంతం పట్టాం.

ఆయన లో కార్బ్ అంటూ అన్నం, ఇడ్లీ, అట్టు, చపాతీ, పళ్లు అన్నీ మానేశారు. పొద్దున్న మూడు గుడ్లు, మధ్యాహ్నం చికెనో చేపో, రాత్రి పనీర్ వేసిన బీరకాయ కూర ఉత్తినే గిన్నెలో పెట్టుకుని తింటారు. నేను అన్నం మానలేదు. మధ్యాహ్నం ఒకటిన్నర గరిటె అన్నం, రెండు కూరలు, మజ్జిగ. రాత్రి రెండు పుల్కాలు. స్వీట్లు, బజ్జీలు బంద్. సాయంత్రం ముప్పావుగంట నడక.

మూడు వారాలకి ఆయన 5 కిలోలు తగ్గారు. నేను కిలోన్నర. ఆయన నన్నేమీ అనరు గానీ, రోజూ పొద్దున్నే కాటా మీద నిలబడి "ఇవాళ ఇంకో 300 గ్రాములు" అని వంటింట్లోకి వినబడేలా చెబుతారు. నిన్న పప్పు గిన్నె చేతిలో పట్టుకునే ఏడుపొచ్చేసింది. నేను చేసేది తప్పా? అన్నం మానేస్తేనే త్వరగా తగ్గుతారా? ఉన్నదున్నట్టు చెప్పండి.

నాటుకోడి_పులుసు
ఉన్నదున్నట్టే చెబుతా. అవును, త్వరగా తగ్గుతారు. 2022లో నేను 98 కిలోలు. అన్నం, టిఫిన్లు, పంచదార మానేశాక నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. ఇప్పటికీ 87 దాటలేదు. అన్నిటికన్నా పెద్ద తేడా ఆకలిలో. ఇంతకుముందు పదిన్నరకల్లా కడుపులో కరకరలాడేది, ఆఫీసు కింద బండి దగ్గరికి వెళ్లి పునుగులు తినేవాణ్ణి. మూడు గుడ్లు తింటే మధ్యాహ్నం ఒంటిగంట దాకా తిండి గుర్తే రాదు. మీ ఆయన దారి మంచిదే.

గుంటూరు_ఘాటు
పప్పు గిన్నె పట్టుకుని ఏడవకు అక్కా. పప్పులో ఉప్పెక్కువైతే మీ అత్తగారు మళ్లీ అదో పంచాయితీ పెడతారు.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఒక్క లెక్క చేసి చూపిస్తాను. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. మీవారు తగ్గిన 5 కిలోలూ కొవ్వే అనుకుందాం. 38,500 కేలరీలు. 21 రోజులకి పంచితే రోజుకి 1,833. ఆయన వయసుకీ బరువుకీ రోజుకి 2,400 దాకా ఖర్చవుతుంది అనుకుంటే, తినాల్సింది 570 కూడా లేదు. మూడు గుడ్లకే 220 అయిపోతాయి. ఇక చికెన్, పనీర్, వాటిలో నూనె? లెక్క కుదరదు. కాబట్టి తగ్గినదంతా కొవ్వు కాదు.

మరేం తగ్గింది? నీళ్లు. మనం తిన్న పిండి పదార్థంలో కొంత గ్లైకోజన్‌గా కండల్లో, కాలేయంలో దాచుకుంటాం. మొత్తం 400 నుంచి 500 గ్రాములు. ప్రతి గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన కొద్ది రోజుల్లో ఆ నిల్వ చాలావరకు ఖర్చయిపోతుంది, నీళ్లూ పోతాయి. అక్కడే కిలోన్నర, రెండు కిలోలు. మిగతా మూడు కిలోల్లో ఎక్కువ కొవ్వు, కాస్త కండ.

ఇప్పుడు మీ లెక్క. కిలోన్నర అంటే 11,550 కేలరీలు. రోజుకి 550 లోటు. మీరు చెప్పిన తిండికీ నడకకీ అది సరిగ్గా సరిపోతుంది. మీరు తగ్గింది చాలావరకు కొవ్వేనమ్మా. ఏడవాల్సిన పని లేదు.

బెల్లం_గవ్వలు
మాస్టారూ, ఈ పోస్టు మూడుసార్లు చదివాను. ఆయనకీ చూపించాను. "నీళ్లయినా బరువు బరువేగా" అన్నారు. కానీ ఇవాళ పొద్దున అంకె గట్టిగా చదవలేదు.

నాటుకోడి_పులుసు
మాస్టారి లెక్క తప్పనను. కానీ నీళ్లు పోయేది మొదటి వారం పది రోజులే. నేను తగ్గిన 11లో రెండు తీసేస్తే తొమ్మిది కిలోలు కొవ్వేగా? "అంతా నీళ్లే" అని కొట్టిపారేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. నా ప్యాంటు నడుము 40 నుంచి 36కి వచ్చింది. నీళ్లు పోతే బెల్టుకి కొత్త రంధ్రాలు పడవు.

లెక్కల_మాస్టారు
అంతా నీళ్లే అని నేననలేదు నాయనా. మొదటి రెండు కిలోల సంగతే చెప్పాను. తొమ్మిది కిలోలు మీ కష్టం, కాదనను.

పథ్యం
నేను డైటీషియన్‌ని, పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఈ ప్రశ్న మీద ప్రయోగాలు చాలానే జరిగాయి.

2003లో అమెరికాలో 63 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి లో కార్బ్, ఇంకో జట్టుకి కొవ్వు తగ్గించి కేలరీలు లెక్కపెట్టే తిండి. ఆరు నెలలకి లో కార్బ్ వాళ్లు తమ బరువులో 7 శాతం తగ్గారు, రెండో జట్టు 3.2 శాతం. అంటే వేగం నిజమే. ఏడాదికి వచ్చేసరికి 4.4, 2.5 అయ్యాయి, అది లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదన్నారు. రెండు జట్లలోనూ మధ్యలో మానేసినవాళ్లు చాలామంది.

2018లో స్టాన్‌ఫర్డ్‌లో 609 మందితో ఇంకా పెద్దది చేశారు. ఏడాదికి లో కార్బ్ వాళ్లు సగటున 6 కిలోలు, లో ఫ్యాట్ (కొవ్వు తగ్గించిన తిండి) వాళ్లు 5.3 కిలోలు తగ్గారు. రెండూ ఒకటే అన్నట్టు. అక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఏ జట్టుకీ కేలరీల కట్టడి పెట్టలేదు. ఇద్దరికీ చెప్పింది పంచదార, మైదా లాంటివి మానండి, కూరగాయలు బాగా తినండి, ఇంట్లో వండుకోండి అని. ఒక్కో జట్టులోనూ 25 కిలోలు తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు. ఎవరికి ఏది పనిచేస్తుందో జన్యువులని బట్టి, ఇన్సులిన్‌ని బట్టి ముందే చెప్పగలమా అని చూశారు. చెప్పలేకపోయారు.

కాబట్టి బెల్లం_గవ్వలు గారూ, "త్వరగా" అంటే మొదటి మూడు నాలుగు నెలలైతే లో కార్బ్‌ది పైచేయి. ఏడాది అంటారా, తేడా దాదాపు ఉండదు.

నాటుకోడి_పులుసు
పథ్యం గారూ, 2008 నాటి ఇజ్రాయెల్ ప్రయోగం వదిలేశారు. 322 మంది, రెండేళ్లు. లో కార్బ్ 4.7 కిలోలు, లో ఫ్యాట్ 2.9. రెండేళ్లకి కూడా లో కార్బే ముందుంది.

పథ్యం
బాగా గుర్తుచేశారు. కానీ అందులో మూడో జట్టు కూడా ఉంది. ఆలివ్ నూనె, పప్పు గింజలు, చేపలు, కూరగాయలతో పాటు రొట్టె కూడా తిన్న మెడిటరేనియన్ జట్టు. వాళ్లు 4.4 కిలోలు తగ్గారు. మూడొందల గ్రాములే తేడా. పైగా వాళ్లంతా ఒకే చోట పనిచేసేవాళ్లు, మధ్యాహ్నం భోజనం అక్కడి క్యాంటీన్‌లోనే ఎవరి జట్టుకి తగ్గట్టు వండి, రంగు లేబుళ్లు పెట్టి ఇచ్చారు. మన ఇళ్లలో ఆ వసతి ఎవరికుంది? ఒకే వంటింట్లో ఒకే మనిషి రెండు వంటలు చేయాలి.

బెల్లం_గవ్వలు
ఈ చివరి మాట ఎవరైనా అంటారా అని ఎదురుచూస్తున్నాను. పొద్దున్న పిల్లలకి ఇడ్లీ, ఆయనకి గుడ్లు. మధ్యాహ్నం మాకు పప్పు, ఆయనకి చికెన్. అత్తయ్య గారికి చప్పిడి కూర. ఆరు స్టవ్వులున్నా చాలవు. ఆయన బరువు తగ్గడంలో సగం కష్టం నా చేతులది.

గుంటూరు_ఘాటు
అయితే ఆ 5 కిలోల్లో రెండున్నర నీ ఖాతాలో రాసుకో అక్కా. నీది నాలుగు కిలోలు అయింది, బావగారిది రెండున్నర.

డల్లాస్_బావ
నాది ఇంకో రకం అనుభవం. 2019లో పూర్తి కీటో చేశాను, రోజుకి పిండి పదార్థం 30 గ్రాములు దాటకుండా. ఇక్కడ అది తేలిక. గుడ్లు, బేకన్, చీజ్, సలాడ్ ఎక్కడైనా దొరుకుతాయి. అయిదు నెలల్లో 14 కిలోలు తగ్గాను. తర్వాత తమ్ముడి పెళ్లికి భీమవరం వచ్చాను. నాలుగు వారాలు. మొదటి రోజు మా అమ్మ వేడన్నంలో ఆవకాయ, వెన్న కలిపి ముద్ద చేసి చేతిలో పెట్టింది. ఎలా వద్దంటాం? తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టలేకపోయాను. ఏడాదిలో తొమ్మిది కిలోలు తిరిగొచ్చేశాయి.

ఇప్పుడు కీటో చేయను. పగలు ఒక కప్పు అన్నం, రాత్రి లేదు, ప్రొటీన్ ఎక్కువ. మెల్లగా ఆరు కిలోలు దిగింది, రెండేళ్లుగా అక్కడే ఉంది. మొదటిసారి ఇలాగే చేసుంటే బాగుండేది అని చాలాసార్లు అనుకున్నాను.

సీమ_సంగటి
అందరూ అన్నం మానాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. మా అనంతపురం వైపు తాతల కాలంలో రోజూ వరన్నం ఎవరు తిన్నారు? సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. వరన్నం అంటే పండగకే. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక మెల్లగా అందరి కంచాల్లోకి తెల్లన్నం వచ్చేసింది. అది కడుపు నింపిన పథకం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ తిండి మారిపోయింది. బియ్యం మానేసి రాగులు, జొన్నలు తినండి, ఏ కీటో అక్కర్లేదు.

పథ్యం
సంగటి మంచిదే, కానీ అది లో కార్బ్ కాదండీ. రోజూ నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది ఈ ఒక్క చోటే పొరబడుతున్నారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టిక చూడండి. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములు. రాగుల్లో 67, జొన్నల్లో 68. పీచు మాత్రం బాగా తేడా. బియ్యంలో 3, రాగుల్లో 11, జొన్నల్లో 10. పీచు వల్ల తొందరగా కడుపు నిండుతుంది, షుగర్ మెల్లగా పెరుగుతుంది. అంతవరకే లాభం. "జొన్నరొట్టె కదా" అని నాలుగు తింటే మూడు గరిటెల అన్నం తిన్నట్టే.

2025లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల దేశవ్యాప్త సర్వే ఫలితాల్లో కూడా ఇదే వచ్చింది. మన దేశంలో సగటున కేలరీల్లో 62 శాతం పిండి పదార్థం నుంచే వస్తున్నాయి. తెల్ల బియ్యాన్ని గోధుమలతోనో చిరుధాన్యాలతోనో మార్చినంత మాత్రాన, మొత్తం పిండి పదార్థం తగ్గకపోతే, షుగర్ ముప్పు తగ్గినట్టు కనబడలేదు. అందులో కొంత తీసేసి పప్పులు, పెరుగు లాంటి వాటి ప్రొటీన్ పెడితేనే తేడా కనిపించింది.

సీమ_సంగటి
ఇది నాకు కొత్త. అయితే మా అవ్వ వాళ్లు లావెక్కకపోవడానికి సంగటి కన్నా పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో వంగి పనిచేయడమే కారణమన్నమాట. సరే, ఒప్పుకుంటాను. కానీ సంగటి మీద గోంగూర పప్పు వేసుకుంటే ఒక ముద్దకే చాలనిపిస్తుంది. అన్నంతో అలా ఉండదు. అది మాత్రం నా అనుభవం.

రాత్రి_డ్యూటీ
ఇంతసేపు ఎవరూ ఒక ముఖ్యమైన మాట అడగలేదు. మీ ఆయనకి షుగర్ ఉందా? మాత్రలు వేసుకుంటారా?

నేను స్టాఫ్ నర్సుని. ఒక రాత్రి 58 ఏళ్ల పెద్దాయన్ని తీసుకొచ్చారు. చొక్కా తడిసి ముద్దయిపోయేంత చెమట, చేతులు వణుకు, కొడుకుని గుర్తుపట్టట్లేదు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 48. ఏం జరిగిందంటే, ఎవరో చెప్పారని నాలుగు రోజుల కిందట అన్నం పూర్తిగా మానేశారు. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటున్నారు. గ్లూకోజ్ ఎక్కించాక పది నిమిషాల్లో తేరుకుని "నేనెక్కడున్నా" అని అడిగారు. ఆ కొడుకు గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. అది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లు అన్నం తగ్గిస్తే మోతాదు కూడా తగ్గించాలి. అది డాక్టరు చేయాల్సిన పని. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు కీటో జోలికి వెళ్తే ఇంకో ప్రమాదం. షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే పదార్థాలు) పెరిగి రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. మీటర్‌లో అంకె బాగానే కనబడుతుంది, మనిషి వాంతులతో, ఆయాసంతో పడిపోతాడు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టనే కూడదు.

బెల్లం_గవ్వలు
షుగర్ లేదండీ, మేలో చూపించుకున్నాం. బీపీకి ఒక మాత్ర వేసుకుంటారు.

రాత్రి_డ్యూటీ
అయితే వారానికోసారి బీపీ చూడండి. లో కార్బ్ మొదలుపెట్టినప్పుడు ఇన్సులిన్ తగ్గి కిడ్నీలు ఉప్పుని, నీటిని బయటికి వదిలేస్తాయి. బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. అలా ఉంటే మాత్ర సంగతి డాక్టరుని అడగాలి.

బెల్లం_గవ్వలు
రెండుసార్లు అలా అయిందన్నారు! ఎండకేమో అనుకున్నాం. రేపే తీసుకెళ్తాను.

చెరువు_గట్టు
మా నాన్నగారి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో అందరూ అన్నం మానేసి కొబ్బరినూనె తాగి బరువు తగ్గుతున్న రోజుల్లో ఆయనా మొదలుపెట్టారు. బరువు తగ్గింది, మోకాళ్ల నొప్పులు కూడా నెమ్మదించాయి, చాలా సంతోషపడ్డారు. నాలుగు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 118 నుంచి 201కి వెళ్లింది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) మాత్రం తగ్గాయి. డాక్టరు గారు రెండూ చూపించి, "ఇది బాగుంది, ఇది బాగా లేదు" అన్నారు. నూనె ఆపి, చేపలు, పల్లీలు, కూరలు పెంచి, అన్నం కొంచెం కలిపాక మూడు నెలల్లో 130కి దిగింది. బరువు రెండు కిలోలే పెరిగారు. అందుకే చెబుతున్నా, కాటా ఒక్కటే చూడకండి, మధ్యలో రక్తం కూడా చూపించుకోండి.

నాటుకోడి_పులుసు
దీనికి నేనూ ఒప్పుకుంటా. లో కార్బ్ అంటే నూనె తాగడం కాదు. ఒక పెద్ద చెంచా నూనెకి 120 కేలరీలు. నాలుగు చెంచాలు తాగితే రెండు కప్పుల అన్నానికి పైనే. ప్రొటీన్, కూరగాయలు పెంచాలి, నూనె కాదు.

పప్పుచారు
మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. మాలాంటివాళ్లు ఏం తినాలి? పప్పులో కూడా పిండి పదార్థం ఉందంటారు, పళ్లు వద్దంటారు, దుంపలు వద్దంటారు. మిగిలింది సొరకాయ, మంచినీళ్లు.

పథ్యం
పప్పు మానకండి. కందిపప్పులో నూటికి 55 గ్రాముల పిండి పదార్థం ఉన్నా 22 గ్రాముల ప్రొటీన్, 9 గ్రాముల పీచు ఉన్నాయి. పూర్తి కీటో మీకు నరకమే, వద్దు. రోజుకి 130 గ్రాముల లోపు పిండి పదార్థం అయినా లో కార్బ్ కిందే లెక్క. వండిన అన్నం ఒక కప్పుకి, అంటే 150 గ్రాములకి, 40 నుంచి 45 గ్రాములు వస్తుంది. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, గట్టి పప్పు రెండు గరిటెలు, రాత్రి పనీరో మీల్‌మేకరో వేసిన కూర, రెండు పూటలా పెరుగు, గుప్పెడు పల్లీలు. మీల్‌మేకర్ ఎండుది 100 గ్రాముల్లో 50 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పిల్లలూ ఇష్టంగా తింటారు. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా.

గుంటూరు_ఘాటు
పెసరట్టుని ఉప్మా నుంచి విడదీశారా! అక్కడ కాకినాడలో మొగుడూ పెళ్లాల్ని కలుపుదామని చూస్తుంటే, ఇక్కడ ఈ జంటని విడగొడుతున్నారు.

సకినాల_పిల్ల
నాకు 26, కరీంనగర్. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల సమస్య) ఉంది. రెండేండ్లు అన్ని డైట్లు చేసిన, ఏదీ నెల దాటలే. డాక్టరమ్మ కీటో వద్దన్నది, రాత్రిపూట అన్నం, పొద్దుగాల బిస్కెట్లు, చాయ్‌ల చక్కెర మాత్రం ఆపుమన్నది. గుడ్లు, పెరుగు, కూరగాయలు పెంచిన. ఆరు నెలల్లో ఆరు కిలోలు. నాకు బరువు కంటే సంతోషమైందేందంటే, నాలుగైదు నెలలకొకసారి వచ్చే పీరియడ్స్ ఇప్పుడు 35 రోజులకొకసారి వస్తున్నయి. అమ్మ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, చూసి నవ్వుకుంటది. మా అమ్మ అట్ల నవ్వంగ చూసి చానా రోజులైంది.

కానీ ఒకసారి తొందరపడి, ఇది మొదలుపెట్టకముందు, పొద్దంతా గుడ్లు, కీరదోసకాయతోనే ఉండి నెలలో ఏడు కిలోలు తగ్గిన. మూడో నెలల దువ్వెన నిండా జుట్టు. బాత్రూమ్ జాలీకి అడ్డుపడేంత. ఎంత ఏడ్చిన్నో.

రాత్రి_డ్యూటీ
జుట్టు రాలడం చాలామందికి జరుగుతుంది. బరువు ఒక్కసారిగా తగ్గితే రెండు మూడు నెలల తర్వాత మొదలవుతుంది, ఆర్నెల్లలో చాలావరకు తిరిగొస్తుంది. ఇంకోటి, వేగంగా తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ. తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని వదిలేయకండి.

డల్లాస్_బావ
మలబద్ధకం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సిగ్గుపడాల్సిన పనేముంది? కీటో మొదటి నెల నాకు అదే పెద్ద టెన్షన్. నీళ్లు, ఆకుకూరలు పెంచాకే దారికొచ్చింది.

లెక్కల_మాస్టారు
పథ్యం గారూ, చిన్న సందేహం. నీటి బరువు మాట నేను గ్లైకోజన్ లెక్కతో చెప్పాను. దాన్ని మనుషుల మీద నేరుగా కొలిచి చూసినవాళ్లున్నారా?

పథ్యం
ఉన్నారు మాస్టారూ. 2021లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్లు 20 మందిని నాలుగు వారాలు తమ ఆసుపత్రిలోనే ఉంచి వండిపెట్టారు. రెండు వారాలు కీటో, రెండు వారాలు కొవ్వు బాగా తక్కువున్న శాకాహారం. ఎంత కావాలంటే అంత తినమన్నారు. శాకాహారంలో ఉన్నప్పుడు రోజుకి దాదాపు 700 కేలరీలు తక్కువ తిన్నారు, ఆకలి అనలేదు. కాటా మీద చూస్తే కీటోలో ఉన్నప్పుడే ఎక్కువ తగ్గారు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే, అది బాగా తగ్గింది శాకాహారపు రెండు వారాల్లోనే. కాటా ఒకటి చెప్పింది, ఒళ్లు ఇంకోటి చెప్పింది. రెండు వారాల ప్రయోగమే కాబట్టి దాన్ని ఏడాదికి సాగదీయకూడదు. మీ అనుమానం మాత్రం నిజమే.

నాటుకోడి_పులుసు
ఆసుపత్రిలో ఎవరో వండిపెడితే సరే. ఇంట్లో నాలాంటివాడికి అన్నం ఒక గరిటెతో ఆపడం రాదు. పెరుగన్నం దాకా వెళ్తేగాని భోజనం అయినట్టుండదు. అసలు ముట్టుకోకపోతేనే నాకు తేలిక. కొందరికి కొంచెం తినడం తేలిక, కొందరికి పూర్తిగా మానేయడం తేలిక. నేను రెండో రకం. అన్నం మానేయడమే మంచి దారన్నట్టు మొదట్లో రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

పథ్యం
మీరు మూడేళ్లుగా నిలబెట్టుకున్నారు, అది మామూలు సంగతి కాదు. మీకది సరిపడింది, మార్చకండి. ఏడాదికోసారి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష) మాత్రం చూపించుకోండి.

బెల్లం_గవ్వలు
డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. బీపీ 104/66 ఉంది. మాత్ర సగానికి తగ్గించారు. రాత్రి_డ్యూటీ గారూ, మీరు అడగకపోతే మేం వెళ్లేవాళ్లం కాదు. చాలా చాలా కృతజ్ఞతలు.

ఇంట్లో కూడా కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన గుడ్లు ఆయనే వేసుకుంటారు. మధ్యాహ్నం అందరికీ ఒకటే వంట. ఆయన అన్నం లేకుండా తింటారు, నేను ఒకటిన్నర గరిటెతో. కాటా వారానికి ఒక్కసారే, ఆదివారం పొద్దున.

గుంటూరు_ఘాటు
ఆదివారం పొద్దున ఎక్కడం తెలివైన పని. ఆదివారం సాయంత్రం ఎక్కితే బిర్యానీ కూడా తూగుతుంది.

బెల్లం_గవ్వలు
అయిదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. పెళ్లి బాగా జరిగింది. పెళ్లికి ముందు రోజు ఆయన 84.6, నేను 72.5. అంటే మొదటి మూడు వారాల తర్వాత ఆయన తగ్గింది 2.4, నేను 2. పెద్ద తేడా లేదు! నా పెళ్లినాటి జాకెట్టు ఇంకా పట్టలేదు గానీ, అయిదేళ్ల కిందటిది కుట్లు విప్పకుండా పట్టింది.

ఆయన పెళ్లిలో మూడు రోజులు పులిహోర, కాజాలు, పనసపొట్టు కూర, అన్నం అన్నీ తిన్నారు. నాలుగో రోజు కాటా ఎక్కితే 86.8! మనిషి మొహం పాలిపోయింది. "ఎనిమిది వారాల కష్టం మూడు రోజుల్లో పోయింది" అని మంచం మీద అలాగే కూర్చుండిపోయారు. అప్పుడు మాస్టారి మొదటి పోస్టు తెరిచి, 400 నుంచి 500 గ్రాములు, ఒక్కోదానికి 3 గ్రాముల నీళ్లు అన్న వాక్యం చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. వారంలో మళ్లీ 85కి వచ్చారు.

లెక్కల_మాస్టారు
వెళ్లిన నీళ్లే తిరిగొచ్చాయమ్మా. వారికి ధైర్యం చెప్పినందుకు సంతోషం.

డల్లాస్_బావ
నేను ఆగిపోయింది సరిగ్గా అలాంటి రోజే. పెళ్లి నుంచి వచ్చి కాటా చూసి, ఇక నావల్ల కాదనుకున్నాను. అది నీళ్లని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

సకినాల_పిల్ల
అక్కా, ఆ పనీర్ వేసిన బీరకాయ కూర ఎట్ల చేస్తరు? మొదటి పోస్టు చదివినప్పటి నుంచి అడగాలనుకుంటున్న.

బెల్లం_గవ్వలు
లేత బీరకాయలు మూడు, చెక్కు తీసి ముక్కలు కొయ్యి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు. ముక్కలు వేసి ఉప్పు, పసుపు చల్లి మూతపెట్టు. నీళ్లు పోయకు, దాని నీళ్లే చాలు. మెత్తబడ్డాక పనీర్ చేత్తో పొడిపొడిగా చిదిపి వెయ్యి, 150 గ్రాములు. తడి ఇంకిపోయేదాకా మూత లేకుండా ఉంచి, దించేముందు పచ్చిమిర్చి, కొత్తిమీర. నేను పుల్కాలోకి తింటాను, ఆయన గిన్నెతో తింటారు. బీరకాయ తొక్కలు పారేయకు, పచ్చడి చేసుకో.